ఫ్యూరీ–ఉసిక్: తొమ్మిదో రౌండ్‌లో రిఫరీ కౌంట్ చేయకపోయి ఉంటే?

పిడిగుద్దు · మే 19, 2024, ఉదయం 5:10

నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి, అయినా రాయకుండా ఉండలేకపోతున్నా. రాత్రి ఆర్‌సీబీ–చెన్నై మ్యాచ్ అయ్యేసరికి అర్ధరాత్రి అయింది. ఇప్పుడు పడుకుంటే మళ్లీ లేవనని తెలిసి టీ పెట్టుకుని కూర్చున్నా.

రియాద్ కింగ్‌డమ్ అరీనాలో హెవీవెయిట్ బాక్సింగ్ పోటీలో బ్రిటన్ ఫ్యూరీ మీద ఉక్రెయిన్ ఉసిక్ గెలిచాడు. ఒక జడ్జి 115-112, ఇంకో జడ్జి 114-113 ఉసిక్‌కి ఇచ్చారు. మూడో జడ్జి 114-113 ఫ్యూరీకి ఇచ్చాడు. అంటే స్ప్లిట్ డెసిషన్. ఫ్యూరీ దగ్గర డబ్ల్యూబీసీ బెల్టు ఉండేది, ఉసిక్ దగ్గర డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీవో, ఐబీఎఫ్. ఇప్పుడు నాలుగూ ఉసిక్ ఇంటికే. 1999 నవంబర్‌లో లెనాక్స్ లూయిస్ హోలీఫీల్డ్‌ని ఓడించాక, హెవీవెయిట్‌లో బెల్టులన్నీ ఒక్కడి చేతిలో ఉండటం మళ్లీ ఇప్పుడే.

తొమ్మిదో రౌండ్ చూశారు కదా. ఫ్యూరీ ఒక తాడు నుంచి ఇంకో తాడుకి తాగినవాడిలా తూలుతున్నాడు. ఉసిక్ వదలకుండా కొడుతున్నాడు. సరిగ్గా అప్పుడు రిఫరీ మార్క్ నెల్సన్ మధ్యలోకి దూరి, కింద పడ్డవాడికి లెక్కపెట్టినట్టు కౌంట్ మొదలుపెట్టాడు. ఫ్యూరీ కింద పడనే లేదు! నన్నడిగితే రిఫరీ ఫ్యూరీని నాకౌట్ నుంచి కాపాడాడు. మీరేమంటారు?

మాంచెస్టర్ బాబాయ్ · ఉదయం 5:32

కాపాడాడా? ముంచాడు! ఇక్కడ రాత్రి ఒంటిగంట, పక్కింట్లో ఇంకా అరుపులు ఆగలేదు. ఫ్యూరీ మా ఊరి కుర్రాడు, పక్షపాతం ఉందంటే ఒప్పుకుంటాను. కానీ నాలుగు నుంచి ఏడో రౌండ్ దాకా మళ్లీ పెట్టుకుని చూడండి. పొట్టలో గుద్దులు, కింది నుంచి అప్పర్‌కట్లు, ఉసిక్ ఒక్కో దెబ్బకి వంగిపోతున్నాడు. ఆరో రౌండ్‌లో అయితే అయిపోయిందనుకున్నా.

తొమ్మిదిలో దెబ్బ తిన్నాడు, కాదనను. మోకాలు నేలకి తగిలిందా? గ్లవ్ తగిలిందా? లేదు. నిలబడి ఉన్న మనిషికి కౌంట్ ఏమిటి? ఆ ఒక్క పాయింటే మా వాడి బెల్టు తీసుకెళ్లింది.

సీమ సూటిమాట · ఉదయం 6:05

బాబాయ్, నిలబడి ఉన్నాడంటారేంది, తాళ్లు నిలబెట్టినాయి. ఆ తాళ్లు తీసేస్తే మనిషి నేరుగా మొదటి వరసలో కూర్చున్నోళ్ల ఒళ్లో పడేవాడు.

ఇందూరు సౌత్‌పా · ఉదయం 6:48

పొద్దున్నే గ్రౌండ్‌కి పోయే ముందు చూసిన. ఇద్దరూ కోపంగా ఉన్నారు కాబట్టి రూల్ చెప్తా.

నేను ఆడింది అమెచ్యూర్. అక్కడ బాక్సర్ గట్టి దెబ్బ తిని గుడ్లు తేలేస్తే, నిలబడి ఉన్నా సరే రిఫరీ ఆపి ఎనిమిది దాకా లెక్కపెడతాడు. నాకు ఒకసారి అట్లనే లెక్కపెట్టిండు. కోపంతో ఏడుపొచ్చింది, ఇంటికి పోయి అద్దంలో మొహం చూసుకున్నాక రిఫరీకి మనసులో దండం పెట్టుకున్న. ప్రొఫెషనల్ టైటిల్ ఫైట్లలో ఆ నిలబెట్టి లెక్కపెట్టే పద్ధతి లేదు. కానీ ఇంకో రూల్ ఉంది. పడిపోవాల్సినవాణ్ని తాళ్లే ఆపినయని రిఫరీకి అనిపిస్తే అది నాక్‌డౌనే. నెల్సన్ ఇచ్చింది అదే. గాలిలోంచి తెచ్చింది కాదు.

కాబట్టి బాబాయ్ మాట నిలబడదు. పిడిగుద్దు అన్నా, నీ మాట కొంచెం నిలబడుతుంది. కౌంట్ అయ్యేసరికి రౌండ్‌లో సెకన్లే మిగిలినయి, వెంటనే గంట మోగింది. ఆ కొన్ని సెకన్లు ఉసిక్ చేతిలో ఉంటే ఏమయ్యేదో. కానీ రూల్ ప్రకారం పోయినోణ్ని తప్పు పట్టలేం.

కొత్త కుర్రాడు · ఉదయం 8:20

అందరికీ నమస్తే. నేను మొత్తం చూసిన మొదటి బాక్సింగ్ మ్యాచ్ ఇదే, హాస్టల్‌లో ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో చూశాం. రెండు డౌట్లు. బెల్టులు నాలుగు ఎందుకు? ఇంకోటి, 114-113 అంటే 114 గుద్దులు తగిలినట్టా? నవ్వకండి ప్లీజ్.

సీమ సూటిమాట · ఉదయం 8:31

నవ్వము తమ్ముడూ. మాస్టారు వచ్చేదాకా ఆగు. మాకు ఓట్ల లెక్కింపు జూన్ 4న, అందాకా ఈ లెక్కతోనే కాలక్షేపం.

లెక్కల మాస్టారు · ఉదయం 10:15

బాబూ, నవ్వాల్సిన ప్రశ్న కాదు. చాలామంది అడగటానికి సిగ్గుపడి ఏళ్ల తరబడి అలాగే చూసేస్తుంటారు.

ముందు బెల్టుల సంగతి. బాక్సింగ్‌కి క్రికెట్‌లో ఐసీసీలా ఒకే పెద్ద దిక్కు లేదు. నాలుగు సంస్థలు ఎవరి చాంపియన్‌ని వాళ్లు ప్రకటించుకుంటాయి. ఒకే బరువులో నలుగురు ప్రపంచ చాంపియన్లు ఉండవచ్చు, ఉంటారు కూడా. లూయిస్ కాలానికి డబ్ల్యూబీవోని అంత లెక్కలోకి తీసుకునేవారు కాదు, మూడుంటే చాలనేవారు. హెవీవెయిట్‌లో నాలుగూ ఒక్కడికే దక్కడం ఇదే మొదటిసారి.

ఇక పాయింట్లు. గుద్దులకు కాదు, రౌండుకు మార్కులు. ప్రతి రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. నాక్‌డౌన్ అయితే ఇంకొకటి కోసి 8. మొత్తం 12 రౌండ్లు. నాక్‌డౌన్ ఒక్కటీ లేకపోతే, సమానమైన రౌండ్ ఏదీ ఇవ్వకపోతే, ఇద్దరి మార్కులు కలిపి రౌండుకు 19 చొప్పున 228 రావాలి. నిన్నటి ముగ్గురు జడ్జీల మార్కుల కార్డులూ కూడి చూడు. 115, 112 కలిపితే 227. 114, 113 కలిపినా 227. తగ్గిన ఆ ఒక్కటే తొమ్మిదో రౌండ్ కౌంట్.

ఇప్పుడు అసలు విషయం. ఆ కౌంట్ లేదనుకుందాం, రౌండ్ మాత్రం ఉసిక్‌దే అనుకుందాం. ఫ్యూరీకి ప్రతి కార్డులోనూ ఒక మార్కు కలపాలి. మొదటి కార్డు 115-113, ఉసిక్. రెండోది 114-114, సమానం. మూడోది 115-113, ఫ్యూరీ. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి, మూడోది సమానం. మ్యాచ్ డ్రా! ఎవరి బెల్టులు వాళ్లు పట్టుకుని ఇంటికి వెళ్లేవాళ్లు.

బాబాయ్ గారూ, ఆ పాయింటే మ్యాచ్‌ని తేల్చిందన్న మీ మాట నిజం. కానీ అది లేకపోయినా మీవాడు గెలిచేవాడు కాదు.

మాంచెస్టర్ బాబాయ్ · ఉదయం 11:02

మాస్టారూ, ఈ లెక్క రాత్రే చెప్పి ఉంటే హాయిగా పడుకునేవాణ్ని.

డాలస్ గుడ్లగూబ · మధ్యాహ్నం 12:40

మాకు ఇది శనివారం సాయంత్రం ప్రోగ్రామ్ అయిపోయింది. పిల్లల్ని పార్కుకి తీసుకెళ్తానని మాటిచ్చి తప్పాను, ఆ శిక్ష ఇంకా నడుస్తోంది.

ఎవరూ సైజు గురించి మాట్లాడట్లేదేంటి? ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాలు, ఉసిక్ 6 అడుగుల 3. తూకంలో ఫ్యూరీ 262 పౌండ్లు. ఉసిక్‌ది 233.5 అని ప్రకటించి అందర్నీ కంగారు పెట్టి, తర్వాత తప్పు చదివాం, 223.5 అన్నారు. పది పౌండ్లు నోటితోనే పెంచేశారు! తేడా 38.5 పౌండ్లు, మన లెక్కలో పదిహేడు కిలోల పైమాటే. ఇంట్లో గ్యాస్ సిలిండర్‌లో పట్టే గ్యాస్ 14.2 కిలోలు. అంతకన్నా ఎక్కువ బరువు అదనంగా ఉన్న మనిషి మీదకి వెళ్లి 12 రౌండ్లు కొట్టాడు. అది కూడా మొదటి రౌండ్ నుంచి ముందుకే.

పంచ్‌ల లెక్క కూడా చూశా. తగిలినవి ఉసిక్‌వి 170, ఫ్యూరీవి 157. విసిరినవి మాత్రం ఫ్యూరీవే ఎక్కువ.

విశాఖ కెరటం · మధ్యాహ్నం 2:25

మా పాప బాక్సింగ్ నేర్చుకుంటోంది, వారంలో నాలుగు రోజులు జిమ్ బయట బల్ల మీద నాది కాపలా. అందుకని నాకు రింగ్‌లో కన్నా కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య బాక్సర్ వచ్చి కూర్చునే మూలలో, ఏం జరుగుతోందన్న దాని మీదే కన్నుంటుంది.

ఫ్యూరీ కార్నర్ గమనించారా? ట్రైనర్ షుగర్‌హిల్ స్టీవార్డ్ ఒక పక్క, వాళ్ల నాన్న జాన్ ఫ్యూరీ కేకలు ఇంకో పక్క. రౌండ్ల మధ్య దొరికేది ఒక్క నిమిషం. అందులో మంచినీళ్లు తాగాలి, ఊపిరి తీసుకోవాలి, ఒక మాట వినాలి. ఒక్క మాటే! మా పాప కోచ్ తల్లిదండ్రులకి మొదటి రోజే చెప్పిన రూల్, "పిల్ల రింగ్‌లో ఉంటే మీ నోరు బయట ఉండాలి" అని. జాన్ ఫ్యూరీ గారికి ఆ కోచ్ దొరకలేదు పాపం. ఆయన ఆ వారంలోనే ఉసిక్ మనిషిని తలతో గుద్ది తన నుదురే చిట్లించుకున్నాడు.

ఇంకో మాట. మొదటి రెండు మూడు రౌండ్లలో ఫ్యూరీ చేతులు వెనక్కి పెట్టి, మూల మీద వాలి వేషాలు వేశాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. కానీ వేషాలకు మార్కులు లేవు కదా మాస్టారూ? చివరికి ఒక్క రౌండ్ తేడాతో పోయింది. ఆ నవ్వులు ఎక్కడో ఒక రౌండ్ తినేసి ఉంటాయి.

మాంచెస్టర్ బాబాయ్ · మధ్యాహ్నం 3:10

అమ్మాయ్, నువ్వు చెప్పిందే ఇక్కడ మా ఆవిడా అంది. ఇంట్లోనూ ఓడిపోయా, ఇక్కడా ఓడిపోతున్నా.

ఒక్క విషయం నాకూ నచ్చలేదు. మ్యాచ్ అయ్యాక మైకు పట్టుకుని, ఉసిక్ దేశం యుద్ధంలో ఉంది కాబట్టి జనం అటు మొగ్గుతున్నారన్నట్టు మాట్లాడాడు. ఓడినప్పుడు నోట్లో వచ్చే చేదు అది. నాలుగు రోజులు ఆగి మాట్లాడాల్సింది.

పిడిగుద్దు · మధ్యాహ్నం 3:45

బాబాయ్, ఆ మాట మీరే ఎత్తారు కాబట్టి. ఉసిక్ పుట్టింది సింఫెరోపోల్‌లో, అంటే క్రిమియా. 2014 నుంచి అది రష్యా చేతిలో ఉంది. 2018లో హెవీవెయిట్ కన్నా తక్కువ బరువైన క్రూజర్‌వెయిట్‌లో నాలుగు బెల్టులూ కలిపిన ఫైట్ ఎక్కడ జరిగిందో తెలుసా? మాస్కోలో, రష్యా బాక్సర్ గాసియెవ్ మీద. అక్కడ పోటీ పడి గెలిచి వచ్చాడు. 2022లో యుద్ధం మొదలవగానే కీవ్‌లో తుపాకీ పట్టుకుని ఊరి కాపలా దళంలో చేరాడు, తర్వాత ఆగస్టులో జెడ్డాలో బ్రిటన్ బాక్సర్ జాషువాని రెండోసారి ఓడించాడు. అలాంటివాడికి జడ్జీల జాలి ఎందుకు?

సీమ సూటిమాట · సాయంత్రం 4:20

జాలి చూపించి ఇచ్చేటట్టయితే మూడు కార్డులూ ఇచ్చేవాళ్లు. రెండిచ్చి ఒకటి ఆపుకుంటారా?

ఇందూరు సౌత్‌పా · సాయంత్రం 7:30

సండే కాబట్టి మధ్యాహ్నం కూర్చుని మళ్లీ చూసిన, ఈసారి మ్యూట్‌లో. కామెంటరీ వింటే మన కన్ను వాళ్ల కన్ను అయిపోతది.

నేనూ ఎడమచేతి వాటమే, అందుకే ఉసిక్ కాళ్లే చూస్త. కుడిచేతి వాటంవాడితో ఆడేటప్పుడు మన ముందు కాలు ఎప్పుడూ వాడి ముందు కాలికి బయట ఉండాలె. అప్పుడు మన ఎడమ చెయ్యి నేరుగా వాడి మొహం మీదకి దారి దొరుకుతది. ఫ్యూరీ చేతులు 85 అంగుళాలు, ఉసిక్‌వి 78. దూరం నిలబడితే ఉసిక్ చచ్చినట్టే. అందుకని మొదటి నుంచి దగ్గరకి పోయి, కాలు బయట పెట్టి, కొట్టి తప్పుకున్నడు. ఫ్యూరీకి అది తెలుసు, అందుకే మొహం వదిలి పొట్ట మీద పడ్డడు. నాలుగు నుంచి ఏడు దాకా అది పనిచేసింది కూడా. ఇక్కడ బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్.

ఎనిమిదిలో ఆట తిరిగింది. ఫ్యూరీ ముక్కు మీద అదే ఎడమ చెయ్యి మళ్లీ మళ్లీ తగిలింది. ఫ్యూరీ పొట్ట మీద కొట్టాలంటే వంగాలె, వంగితే ఆరడుగుల తొమ్మిది కాస్తా ఉసిక్ భుజం ఎత్తుకి వస్తది. తొమ్మిదిలో పడ్డ ఆ పెద్ద ఎడమ దెబ్బ దగ్గర పాజ్ చేసి చూడండి. ఉసిక్ ముందు కాలు ఎక్కడుందో మాత్రమే చూడండి.

నా కార్డు 115-112 ఉసిక్. కౌంట్ మీద మాత్రం పొద్దున రాసిందాంట్లో సగం వాపస్ తీసుకుంటున్న. పొద్దున, ఆ సెకన్లు ఉసిక్ చేతిలో ఉంటే ఏమయ్యేదో అన్న. మళ్లీ చూస్తే నెల్సన్ చొరబడకపోతే ఫ్యూరీకి పెద్ద గాయమే అయ్యేది అనిపించింది. పిడిగుద్దు అన్నా, కాపాడటం రిఫరీ తప్పు కాదు, అది ఆయన పనే.

పోతూ పోతూ ఒక మాట, కోపం కాదు. నిన్ననే అస్తానాలో ఎలోర్డా కప్‌లో మా నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ గోల్డ్ కొట్టింది. 2022లో ఇస్తాంబుల్‌లో మొదటిసారి వరల్డ్ చాంపియన్ అయింది కూడా సరిగ్గా ఇదే తారీకు, మే 19. ఆమె రెండుసార్లు వరల్డ్ చాంపియన్. పొద్దున్నుంచి ఇక్కడ పదమూడు పోస్టులున్నయి, ఆమె మీద ఒక్కటి లేదు.

విశాఖ కెరటం · రాత్రి 8:02

తప్పు మాదే అన్నా. మా పాప గదిలో గోడ మీద ఉన్నది నిఖత్ ఫొటోనే, ఫ్యూరీది కాదు. నేనే వేరే టాపిక్ మొదలుపెడుతున్నా, అందరూ అక్కడికి రండి.

కొత్త కుర్రాడు · రాత్రి 9:15

పాజ్ చేసి చూశా అన్నా. ఉసిక్ కాలు బయటే ఉంది! ఇప్పుడు పాత ఫైట్లన్నిట్లో కాళ్లే కనిపిస్తున్నాయి, మొహాలు చూడలేకపోతున్నా.

సీమ సూటిమాట · జూన్ 26, 2024, ఉదయం 9:40

పాత టాపిక్ పైకి లాగుతున్నందుకు క్షమించాల. ఉసిక్ ఐబీఎఫ్ బెల్టు వదిలేసినాడు. తప్పనిసరి పోటీదారుతో ఆడమని వాళ్లు పట్టుబట్టినారు, ఇతనికి ఫ్యూరీతో రీమ్యాచ్ ఒప్పందం ఉంది. ఐబీఎఫ్ బెల్టు డానియల్ డుబాయిస్ చేతికి పోయింది, రింగ్‌లో ఒక్క గుద్దు వేయకుండా. పోయినేడు పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో ఉసిక్ తొమ్మిదో రౌండ్‌లో నాకౌట్ చేసిన డుబాయిస్సే!

ఇరవై నాలుగేండ్లు ఎదురుచూసి నాలుగు కలిపితే నలభై రోజులు కూడా నిలవలా. బెల్టులా, బస్సులో సీటు మీద వేసిన తువ్వాలా?

లెక్కల మాస్టారు · ఉదయం 10:30

లూయిస్‌కీ ఇదే జరిగింది. 1999 నవంబర్‌లో అన్నీ కలిపాడు, 2000 వసంతానికల్లా డబ్ల్యూబీఏ బెల్టు పోయింది, అదీ తప్పనిసరి పోటీదారు గొడవలోనే. సంస్థలకి చాంపియన్ల నుంచి వచ్చే ఫీజు కావాలి, ఒక్కడే చాంపియన్ అయితే వాళ్ల దుకాణానికి నష్టం. ఇది నా అభిప్రాయం మాత్రమే.

డాలస్ గుడ్లగూబ · డిసెంబర్ 22, 2024, ఉదయం 6:15

రీమ్యాచ్ చూసినవాళ్లు చేతులెత్తండి. ఫ్యూరీ క్రిస్మస్ తాత వేషంలో వచ్చాడు. ఈసారి తూకం 281, ఉసిక్ 226. మళ్లీ రియాద్, మళ్లీ అదే అరీనా. ముగ్గురు జడ్జీలూ 116-112, ఉసిక్‌కే. నాక్‌డౌన్ లేదు, కౌంట్ లేదు, రిఫరీని తిట్టే పని లేదు.

పిడిగుద్దు · ఉదయం 6:40

ఎత్తాను. బాబాయ్ ఎక్కడ?

మాంచెస్టర్ బాబాయ్ · ఉదయం 7:20

ఉన్నాను, ఉన్నాను. ఫ్యూరీ ఈసారి కూడా తనే గెలిచానంటున్నాడు. నేను అనను. ఇందూరు తమ్ముడు చెప్పినట్టు మ్యూట్‌లో పెట్టి, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని రౌండ్ రౌండ్‌కీ రాశాను. నా కార్డు 115-113 ఉసిక్. మా ఊరివాడికి ఎంత లాగినా అంతకన్నా రాలేదు. మా ఆవిడ కార్డు 117-111.

ఒక్కటి మాత్రం గమనించండి. 281 పౌండ్ల మనిషి చివరి రౌండ్లలో ఇంకా కాళ్ల మీదే తిరుగుతున్నాడు. ముసలాడయ్యాడు గానీ చేవ చావలేదు.

కొత్త కుర్రాడు · ఉదయం 8:05

గుడ్ మార్నింగ్ అందరికీ. ఈసారి హాస్టల్‌లో పదకొండు మందిమి చూశాం. కార్నర్‌లో ఒక్క గొంతే వినిపించాలి అని అందరికీ లెక్చర్ ఇచ్చా, విశాఖ అక్కకి థాంక్స్.

మాస్టారూ, ఒక డౌట్. ఈసారి సరదాకి కంప్యూటర్ జడ్జిని కూడా పెట్టారు కదా, ఏఐది. దాని కార్డు 118-112 ఉసిక్ అని చూపించారు. నాక్‌డౌన్ లేదు కాబట్టి కూడితే 228 రావాలి. నాకు 230 వస్తోంది. నేనెక్కడో తప్పు చేస్తున్నానా?

లెక్కల మాస్టారు · ఉదయం 8:50

నీ కూడిక తప్పు కాదు. సమానం అనిపిస్తే జడ్జి రౌండ్‌ని 10-10 కూడా ఇవ్వవచ్చు. అప్పుడు ఆ రౌండ్‌కి 19 బదులు 20 వస్తుంది. 230 వచ్చిందంటే అది రెండు రౌండ్లు సమానం ఇచ్చిందన్నమాట. ఉసిక్‌కి ఎనిమిది, ఫ్యూరీకి రెండు, రెండు సమానం. సరిచూసుకో.

ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం, ఆ కార్డు చూసి కూడినవాడివి నువ్వొక్కడివే. మే నెలలో 114 గుద్దులా అని అడిగింది నువ్వే కదూ?